మూడు స్పీడుల టర్న్‌టేబుల్, ఒక ఇత్తడి పుల్లీ

గ్రామఫోన్ ప్లేట్లు వాయించే ఈ టర్న్‌టేబుల్‌ని నేను ఇంతగా ఇష్టపడటానికి కారణం దాని 78 స్పీడు, అంటే నిమిషానికి 78 చుట్లు. చెక్క బాడీ, బెల్టు డ్రైవు, చేత్తో ఎత్తి పెట్టే ఆర్మ్ లాంటివి పాత మిషన్లలో చాలావాటికి ఉంటాయి, వాటి గురించి ఎక్కువ రాయను. మా బావగారు డాలస్‌లో ఓ గరాజ్ సేల్‌లో కొని, బట్టల మధ్య చుట్టి తెచ్చిచ్చారు. ఏళ్లుగా మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు దీనివే.

మేం నలుగురైదుగురం ప్లేట్లు పోగేసేవాళ్లం. ఎర్రగడ్డ సండే మార్కెట్లోనో జుమ్మెరాత్ బజార్లోనో దొరికినవి పట్టుకుని మా ఇంట్లో చేరతాం. చేరాక ఆడేది పేర్ల గొలుసు. ఒకరు ప్లేటు పెడతారు. లేబుల్ మీద పేర్లలో ఒకటి పట్టుకుని, అదే పేరున్న వేరే మనిషి ప్లేటు పక్కవాళ్లు తీయాలి. మాధవపెద్ది సత్యం పాట పడితే చెళ్ళపిళ్ళ సత్యం బాణీ రావాలి. ఎస్. వరలక్ష్మికి జి. వరలక్ష్మి. పెండ్యాల నాగేశ్వరరావుకి పిఠాపురం నాగేశ్వరరావు. అక్కినేని కూడా నాగేశ్వరరావే కదా అని ప్రతిసారీ ఎవరో ఒకరు పేచీ పెడతారు. పాడినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, రాసినవాళ్లే లెక్క. అందుకే ఎస్. జానకికి షావుకారు జానకి చెల్లదు. ఒకసారి మా మేనకోడలు కోదండపాణి ప్లేటు తర్వాత బాలసుబ్రహ్మణ్యం ఈపీ తీసింది. పేరెక్కడ కలిసిందే అంటే, "ఇద్దరూ ఎస్.పి.యే కదా మామయ్యా" అంది. సినిమాల్లో బాలుకి మొదటి అవకాశం ఇచ్చింది కోదండపాణే. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. అప్పటినుంచి ఇనిషియల్స్ కూడా చెల్లుతున్నాయి.

ఇలా ఆడుతుంటే 78లో తిరిగే పాత లక్క ప్లేటు తర్వాత 45లో తిరిగే చిన్న ప్లేటు ఈపీ, దాని తర్వాత 33లో తిరిగే పెద్ద ప్లేటు ఎల్పీ వస్తాయి. 78, 45, 33 మూడూ ఉంటేనే ఆట నడుస్తుంది. పైగా 78 ప్లేటు గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లయితే, దీనికి 75 దాకా కావాలి. సన్న ముల్లు పెడితే గాడి అడుగున పడి పాట కంటే దుమ్మూ గరగరే ఎక్కువ వినపడతాయి. ఈ మిషన్‌కి హెడ్‌షెల్, అంటే ఆర్మ్ చివర ముల్లు బిగించే భాగం, ఊడుతుంది కాబట్టి రెండు ముళ్లు రెండు హెడ్‌షెల్‌లకి బిగించి పెట్టుకున్నాను. తిప్పితే ఊడుతుంది, తిప్పితే బిగుస్తుంది.

మొదట్లో మాత్రం ఇది మమ్మల్ని ఏడిపించింది. 230 వోల్టుల్ని 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. "వోల్టేజీ సరిపోతే చాలు సార్, ఇంకేం చూడక్కర్లేదు" అని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. తీరా సుశీల ఈపీ పెడితే, నిద్రలో లేపి పాడమన్నట్టుంది. ఘంటసాల పద్యంలో రాగం ఎంతకీ తెగదు. మాలో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరున్నారు. ఆయన మెట్లు నొక్కి చూసి, "ఇది ఐదు శృతి పాటండీ, మూడులో పలుకుతోంది. ప్లేటు బాగానే ఉంది, తిరగడంలోనే తేడా" అన్నారు.

రిపేరు షాపులో ఇస్తే బెల్టు మార్చి, నూనె వేసి, డబ్బులు తీసుకుని అలాగే తిరిగిచ్చారు. మోటారు అరిగిపోయిందట, కొత్తది వెయ్యాలట. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మోటారుకి ఏ రోగమూ లేదు. అది సింక్రనస్ మోటారు. దాని వేగం కరెంటు హెర్ట్జ్‌ని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. అమెరికా కరెంటు 60, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ దించుతుంది గానీ హెర్ట్జ్‌ని మార్చదు. అంటే ఆరో వంతు వేగం పోయినట్టే. 78 తిరగాల్సిన ప్లేటు 65 తిరుగుతుంది. మూడు నిమిషాల పాట 3 నిమిషాల 36 సెకన్లు పడుతుంది.

దారి చూపించింది బాలానగర్‌లో ఒక లేత్ ఆయన. మోటారు ఇరుసుకున్న పుల్లీని 1.2 రెట్లు లావు చేస్తే పోయిన వేగం వచ్చేస్తుందని నేను కాగితం మీద లెక్క రాసి పట్టుకెళ్లాను. ఆయన పాత పుల్లీని వెర్నియర్‌తో కొలిచి, బెల్టు మందం కూడా కలిపి లెక్కెయ్యాలన్నాడు. ఇత్తడి కడ్డీ బిగించి మూడు స్పీడులకీ మూడు మెట్లు తీశాడు. బెల్టు జారిపోకుండా ప్రతి మెట్టుకీ మధ్యలో కాస్త ఉబ్బు ఉంచాడు. చేత్తో తడిమితేనే తెలిసేంత. మొదటిది బెజ్జం వెంట్రుకవాసి పక్కకి పోయి గొంతులు ఊగాయి. చెప్పగానే ఏమీ అనకుండా మళ్లీ చేశాడు. ఇంటికి తెచ్చి, కరెంటుతో పాటు మిణుకుమనే, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు కింద స్ట్రోబ్ డిస్కు (వేగం సరిచూసే గీతల బిళ్ల) పెట్టాను. 50 హెర్ట్జ్‌కి 78 వరసలో 77 గీతలుంటాయి. నెమ్మదిగా తిరిగితే వెనక్కి పాకుతాయి, సరిగ్గా తిరిగితే నిలబడతాయి. నిలబడ్డాయి. ఆ రోజు సుశీల గొంతు విని పెద్దాయన హార్మోనియం ముట్టుకోలేదు.

చేత్తో పెట్టే ఆర్మ్ వల్ల కావలసిన చరణం మీద నేరుగా దించొచ్చు, నిజమే. కానీ పాటయ్యాక దానంతటది ఆగదు. పేర్ల మీద వాదన ముదిరితే ముల్లు చివరి గాడిలో అరుగుతూనే ఉంటుంది. స్పీడు మారాలంటే పైపళ్లెం ఎత్తి బెల్టుని వేలితో ఇంకో మెట్టు మీదకి తొయ్యాలి. ఆట జోరులో అది విసుగే. 78 ముల్లు ఇక్కడ తేలిగ్గా దొరకదు, ఎవరైనా వస్తుంటే తెప్పించుకోవాలి. లక్క ప్లేట్లు దాన్ని త్వరగానే తినేస్తాయి.

కొనుక్కోమని అందరికీ చెప్పలేను. నా దగ్గర సగానికి పైగా లక్క ప్లేట్లే, ఆదివారం వచ్చే మనుషులున్నారు, ఓపికున్న లేత్ ఆయన దొరికాడు. మీ దగ్గర ఎల్పీలే ఉంటే డీసీ మోటారుది చూసుకోండి, దానికి ఈ హెర్ట్జ్ గొడవ ఉండదు. ఎవరైనా అమెరికా నుంచి పాతది తెస్తామంటే మాత్రం, వెనకాల చీటీ మీద 60తో పాటు 50 కూడా ఉందేమో ఫోటో తీసి పంపమనండి. కొన్ని మోడళ్లకి రెండో పుల్లీ పెట్టెలోనే వచ్చేది, అదుంటే మరిచిపోకుండా తెమ్మనండి.