పెన్న ఒడ్డున ఒక రోజు: నెల్లూరు చూపించే గైడ్ టూర్

కావలి నుంచి అమ్మను తీసుకుని వెళ్లాను. మనిషికి 900 రూపాయలు, కారు, గైడ్, మధ్యాహ్న భోజనంతో కలిపి. గైడ్ కుర్రాడి మాటలకే ఆ డబ్బు గిట్టుబాటైపోయింది.

ముందు రంగనాయకుల గుడి. గాలిగోపురం చూసి అందరూ లోపలికి వెళ్లిపోతారు కదా, గైడ్ మమ్మల్ని పెన్న వైపు నిలబెట్టి తిక్కన గురించి చెప్పాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉంటూ, విరాటపర్వం నుంచి భారతంలో 15 పర్వాలు తెలుగు చేసిన మనిషి తిరిగిన ఊరు ఇది. అమ్మ బడిలో నేర్చుకున్న పద్యం ఒకటి అక్కడే అందుకుంది. "ఇంకోటి చెప్పండమ్మా" అని అతను అడిగితే మురిసిపోయింది. నాకు ఆ పది నిమిషాలు చాలు.

తర్వాత స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా. మొహర్రం నెలలో ఇక్కడే రొట్టెల పండుగ. చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు తీసుకుంటారు. ఇందులో మతం పట్టింపు లేదు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇలా పేర్లు కూడా ఉన్నాయి.

జొన్నవాడ కామాక్షమ్మ దర్శనం బాగానే అయింది.

భోజనం మాత్రం మూడింటికి పెట్టారు. షుగర్ ఉన్న అమ్మతో నాకు ఒకటే టెన్షన్. మామిడికాయ వేసిన చేపల పులుసు ఎంత బాగున్నా, ఆ ఆలస్యం తప్పే. దానివల్ల మైపాడు సముద్రానికి చీకటి పడ్డాకే చేరాం. పెద్దవాళ్లతో వెళ్తే బిస్కెట్లు, మందులు దగ్గర పెట్టుకోండి, భోజనం టైమ్ ముందే ఖాయం చేసుకోండి.