టూ స్ట్రోక్ డర్ట్ బైక్‌లో ఏది పోస్తే మేలు: మామూలు పెట్రోలా, 95 ప్రీమియమా, 100 ఆక్టేనా?

పోయిన వానాకాలం చివర్లో, డర్ట్ బైక్‌గా మార్చుకున్న నా యమహా ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ విప్పించాను. పిస్టన్ ఒక పక్క అద్దంలా ఉంది. సైలెన్సర్ వైపు మాత్రం గోళ్లతో రక్కినట్టు నిలువు గీతలు. పై రింగు గాడిలోనే అతుక్కుపోయింది. ముందురోజు అనంతగిరి దగ్గర మట్టి రోడ్డు మీద, థర్డ్ గేరులో ఫుల్ రేజ్ ఇచ్చి ఎక్కుతుంటే ఇంజిన్ ఒక్కసారిగా పట్టేసింది. క్లచ్ నొక్కాను కాబట్టి పడలేదు.

"ఆయిల్ కలపలేదా అన్నా?" అని అడిగాడు మెకానిక్. టూ స్ట్రోక్ ఇంజిన్ లోపల అరగకుండా కాపాడేది పెట్రోల్‌తో వెళ్లే ఆ ఆయిలే. కలిపాను. లీటరుకు 30 మి.లీ. చొప్పున, మందుల సిరంజీతో కొలిచి మరీ కలిపాను. అతను ఇంకేమీ మాట్లాడకుండా ట్యాంకు కింద పైపు పీకి, పెట్రోల్‌ని ఒక గాజు సీసాలోకి పట్టాడు. కాసేపు కదలకుండా ఉంచాం. పైన 2టి ఆయిల్ రంగుతో ఆకుపచ్చగా పెట్రోల్, అడుగున వేలెడు మందాన నీళ్లలాంటి తెల్లటి పొర. ఆ పొరలో ఆయిల్ చుక్క లేదు. ట్యాంకు నుంచి కార్బొరేటర్‌కి ముందుగా వెళ్లేదేమో అడుగునున్నదే.

అంతవరకూ పెట్రోల్ అనగానే నేనూ ఆక్టేన్ లెక్కే చూసేవాణ్ణి. టూ స్ట్రోక్ బండికి అంతకన్నా ముందు చూసుకోవాల్సింది అందులో ఇథనాల్ ఎంత ఉంది, ఆ పెట్రోల్ ట్యాంకులో ఎన్నాళ్లు ఉంటుంది అన్నది. ఈ రెండూ తేలాకే ఆక్టేన్ సంగతి.

ఆక్టేన్ ముచ్చట త్వరగా ముగిద్దాం. ఆక్టేన్ నంబరు ఎక్కువ ఉన్నంత మాత్రాన పెట్రోల్‌లో బలం ఎక్కువ ఉన్నట్టు కాదు. ఒత్తిడికి, వేడికి తనంతట తాను పేలిపోకుండా ఎంతవరకు ఆగుతుందో చెప్పే కొలత అది. 1985 నుంచి 1996 దాకా అమ్మిన ఆర్‌ఎక్స్ 100 కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 6.7కి 1 మాత్రమే. కంపెనీ హెడ్‌తో (సిలిండర్ పై మూత) ఉన్న ఆ బండికి 100 ఆక్టేన్ పోసినా, అందువల్ల పికప్ పెరగదు. హెడ్‌ని లేత్ మీద తీయించి కంప్రెషన్ పెంచినా, ప్లగ్ నిప్పు రాజేసే టైమింగ్ ముందుకు జరిపినా, లేదా కవాసకి కేఎక్స్ 112, యమహా వైజడ్ 125 లాంటి అసలు మోటోక్రాస్ బండి ఉన్నా కథ మారుతుంది. వాటికి 95 రాన్ (మన బంకుల్లో ఆక్టేన్ లెక్కించే పద్ధతి) తగ్గకూడదు. డర్ట్ బైక్ మోతలో నాకింగ్ (పెట్రోల్ తనంతట తాను పేలే చప్పుడు) మన చెవికి వినపడదు, ప్లగ్ తీసి చూడాల్సిందే. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి, వెండి రంగు చుక్కలు కనిపిస్తే పిస్టన్ పైభాగం కరగడం మొదలైందని అర్థం. అక్కడే ఆపేయండి.

ఇక మన బంకుల్లో దొరికేవి చూద్దాం.

మామూలు పెట్రోల్ అంటే ఇప్పుడు ఇ20. నూటికి 20 పాళ్లు ఇథనాల్. ఒకప్పుడు 88, ఆ తర్వాత 91 ఉన్న ఆక్టేన్, ఇథనాల్ పుణ్యమా అని ఇప్పుడు 95కి వచ్చింది. కాబట్టి ఆక్టేన్ విషయంలో మామూలు పెట్రోల్‌కి వంక పెట్టడానికి లేదు. చిక్కు వేరే చోట ఉంది. కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. ఇ20కి ఈ లెక్క 13.5 దగ్గర తేలుతుంది. అంటే పాత జెట్‌తోనే (కార్బొరేటర్‌లో పెట్రోల్‌ని కొలిచి వదిలే చిన్న రంధ్రం) ఇ20 పోస్తే ఇంజిన్‌కి సుమారు 8 శాతం తక్కువ ఆహారం పెట్టినట్టు. ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్ ఉన్న బండి దాన్ని తనే సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. ఫోర్ స్ట్రోక్ అయితే కాస్త వేడెక్కి ఊరుకుంటుందేమో కానీ, టూ స్ట్రోక్‌లో పెట్రోల్ తగ్గిందంటే దానితో వచ్చే ఆయిల్ కూడా తగ్గినట్టే. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు కొంత వేడిని లాక్కుంటుంది, నిజమే. ఆ కాస్త చల్లదనాన్ని నమ్ముకుని జెట్ మార్చకుండా పెద్ద ఎత్తు ఎక్కడం మాత్రం నాకు సమ్మతం కాదు. మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెద్దది వేసి, ప్లగ్ రంగు చూసుకుంటూ కిందికి దిగాలి. చిన్న జెట్‌తో మొదలుపెట్టి పైకి పోవద్దు.

రెండోది నీళ్లు. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. బండిని ప్రెషర్ వాటర్‌తో కడిగినప్పుడు ట్యాంకు మూత సందులోంచి, వాగు దాటినప్పుడు ఊపిరి పైపులోంచి, సగం ఖాళీ ట్యాంకు లోపల రాత్రి చలికి పట్టే చెమ్మ నుంచి అది నీళ్లు పీల్చుకుంటుంది. కొంతవరకు పెట్రోల్‌తో కలిసే ఉంటుంది, మనకు తెలియదు. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ లీటరుకు సుమారు 5 మి.లీ. నీటిని మోయగలదు. ఇ20 ఇంకాస్త ఎక్కువ మోస్తుంది, కానీ ఒకసారి విడిపోయిందంటే అడుక్కి దిగే సరుకూ ఎక్కువే. ఇథనాల్, నీళ్లు కలిసి కిందికి పోతాయి, ఆయిల్ పైన పెట్రోల్‌తో ఉండిపోతుంది. పైన మిగిలిన దానికి ఆక్టేన్ కూడా పడిపోతుంది. నా సీసాలో కనిపించింది ఇదే. ఆటోల్యూబ్ పంపు ఉంచుకున్నవాళ్లకు ఆయిల్ వేరే ట్యాంకు నుంచి వస్తుంది కాబట్టి ఇంత ప్రమాదం లేదు. డర్ట్ బైక్‌గా మార్చేటప్పుడు బరువు తగ్గుతుందని పంపు తీసేసి ట్యాంకులోనే ఆయిల్ కలుపుకునేవాళ్లు (నేను చేసింది అదే) జాగ్రత్తపడాలి.

ఎక్స్‌పీ95, పవర్95 లాంటి ప్రీమియం పెట్రోల్ సంగతి ఒక్క మాటలో: టూ స్ట్రోక్‌కి దండగ. వాటిలోనూ ఇథనాల్ ఉంటుంది, మామూలు పెట్రోలే 95కి వచ్చాక ఆ నంబరు కోసం ఎక్కువ ఇవ్వాల్సిన పని లేదు. మిగిలేది శుభ్రం చేసే మందు. అది వాల్వులు, ఇంజెక్టర్లు ఉన్న ఇంజిన్‌కి పనికొస్తుంది.

ఎక్స్‌పీ100 అసలు పోటీదారు. ఇండియన్ ఆయిల్ దీన్ని 2020 డిసెంబర్‌లో తెచ్చింది, హైదరాబాద్‌లోనూ కొన్ని బంకుల్లో దొరుకుతుంది. నాకు కావాల్సింది అందులోని 100 కాదు, ఇథనాల్ లేకపోవడం. చెప్పిన మాట నమ్మకుండా ఇంట్లో చూసుకున్నాను, మీరూ చూసుకోవచ్చు. 100 మి.లీ. గీతలున్న గాజు గొట్టంలో ముందు 10 మి.లీ. నీళ్లు, ఆపైన 100 గీత దాకా పెట్రోల్. మూత పెట్టి ఊపి పది నిమిషాలు వదిలేయాలి. మామూలు పెట్రోల్‌తో అడుగు పొర 25 దాటింది, అంటే ఇథనాల్ పెట్రోల్‌ని వదిలి నీళ్లలోకి దిగిపోయింది. నేను కొన్న ఎక్స్‌పీ100తో గీత 10 దగ్గరే నిలబడింది. ఈ పని ఆరుబయట, పొయ్యికీ సిగరెట్‌కీ దూరంగా చేయండి.

ధర మాటకొస్తే, నేను కొన్నప్పుడు మామూలు పెట్రోల్ 107 రూపాయల చిల్లర ఉంటే ఇది 160 చుట్టుపక్కల ఉంది. ఒక ఆదివారం ట్రైల్‌కి 5 లీటర్లు తాగితే 250 రూపాయలకు పైగా తేడా. బోరింగ్, పిస్టన్ కిట్, గ్యాస్కెట్లు, కూలీ కలిపి నేను కట్టిన బిల్లు ముందు అది ఎంత? ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇ20కి పెద్ద జెట్ వేసిన బండిలో ఎక్స్‌పీ100 పోస్తే పెట్రోల్ ఎక్కువైపోతుంది. పొగ, ప్లగ్ తడిసిపోవడం, కింది ఆర్‌పీఎంలో మిస్సింగ్. "పెట్రోల్ బాగాలేదు" అని బంకువాణ్ణి తిట్టేవాళ్లలో సగం మంది సమస్య ఇదే. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి పోసే అలవాటు వద్దు. ఏదో ఒకటి పట్టుకుని దానికే జెట్ సెట్ చేయించుకోండి.

సగం సగం కలిపితే ఎలా అని చాలామంది అడుగుతారు. బాగానే ఉంటుంది. ఇ20, ఎక్స్‌పీ100 సమానంగా పోస్తే ఇథనాల్ 10 శాతానికి వస్తుంది. కేటీఎం వాళ్ల ఎండ్యూరో మాన్యువల్‌లో 10 శాతం దాకా పర్లేదు, అంతకు మించితే వద్దు అని రాసి ఉంటుంది. ఆ హద్దులో ఉండాలనుకునేవాళ్లకు ఇది చవక దారి. కొలత మాత్రం ప్రతిసారీ ఒకటే ఉండాలి.

విమానాల పెట్రోల్, అవ్‌గ్యాస్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కుర్రాళ్లు దాని కోసం తిరుగుతుంటారు. 100ఎల్‌ఎల్ అనే ఆ పెట్రోల్‌లో సీసం ఉంటుంది. మన దేశంలో సీసం పెట్రోల్‌ని 2000లోనే ఆపేశారు, పిల్లల మెదడుకు అది విషం. డర్ట్ బైక్ వెనకాల ఆ పొగ పీల్చేది మన వెనక వచ్చే స్నేహితుడే. పైగా అవ్‌గ్యాస్ తేలిక, అదే జెట్‌తో పోస్తే మళ్లీ పెట్రోల్ తక్కువై ఇంజిన్ వేడెక్కుతుంది. నేనైతే ముట్టుకోను.

డాలస్‌లో ఉండే మా బావమరిది "ఇక్కడ 93 పోస్తాం, మీది 95 అంటున్నావే" అన్నాడు. అమెరికా బంకుల్లో రాసే నంబరు వేరే పద్ధతిది. అక్కడి 93 మన లెక్కలో 98 దాకా ఉంటుంది. అక్కడి వీడియోలు చూసి నంబర్లు పోల్చుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అక్కడ కొన్ని బంకుల్లో ఇథనాల్ లేని పెట్రోల్ వేరే పంపులో అమ్ముతారు, డర్ట్ బైక్ ఉన్నవాళ్లు అదే పోయించుకోవడం మేలు.

కాబట్టి నా తీర్పు ఇది. ఆటోల్యూబ్‌తో, కంపెనీ హెడ్‌తో ఉండి, వారంలో మూడు నాలుగు రోజులు తిరిగే ఆర్‌ఎక్స్‌కి మామూలు పెట్రోలే చాలు. జెట్ పెంచండి, పాత రబ్బరు పైపు, ఫ్లోట్ నీడిల్ ఇథనాల్‌కి ఆగేవి వేయించండి. ఆయిల్ ట్యాంకులోనే కలిపే బండి, నెలకోసారి బయటికి తీసే బండి, హెడ్ తీయించిన బండి, అసలు మోటోక్రాస్ బండి, ఈ నాలుగింటికీ ఎక్స్‌పీ100. నేను ఇప్పుడు అదే పోస్తున్నాను, లీటరుకు 30 మి.లీ. జేఏఎస్ఓ ఎఫ్‌డీ (టూ స్ట్రోక్ ఆయిల్ నాణ్యతకు జపాన్ వాళ్ల గ్రేడు) ఆయిల్‌తో.

ఏది పోసినా ఆ రోజుకు సరిపడా మాత్రమే కలుపుతాను. మిగిలిన పెట్రోల్ ఆయిల్ కలపకుండానే ఇనుప క్యాన్‌లో ఉంటుంది, సాయంత్రం ఇంటికొచ్చాక స్కూటర్‌లోకి పోతుంది. డర్ట్ బైక్‌కి ట్యాప్ మూసి, కార్బొరేటర్ అడుగు స్క్రూ విప్పి, గిన్నెలో ఉన్నది చివరి చుక్క దాకా గాజు సీసాలోకి పడతాను. సీసాని వెలుతురుకి ఎత్తి, అడుగున గీత ఉందేమో చూసి, ఆ తర్వాతే గ్యారేజ్ షట్టర్ దించుతాను.