చెసాపీక్ బేలో కోబియా వేట: ముందు పడవ, తర్వాతే గది

కోబియా అంటే పెద్ద సముద్రపు చేప. మేం వెళ్లిన ఏడాది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో దాన్ని పట్టే సీజన్ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు. వాషింగ్టన్ దగ్గర ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మనవాళ్లు చాలామంది వర్జీనియా బీచ్‌లో సముద్రానికి ఎదురుగా హోటల్ బుక్ చేసి, ఆ తర్వాత పడవ వెతుక్కుంటారు. ఈ చేప దగ్గర ఆ పద్ధతి కుదరదు. ఇక్కడ కోబియాను ఎక్కువగా కళ్లతో చూసి పడతారు. అది కనిపించాలంటే ఎండ కాయాలి, గాలి తగ్గాలి. ఆ రెండూ మనం రెండు నెలల ముందు సెలవు పెట్టుకున్న శనివారానికే రావాలని ఏముంది? అందుకే ముందు కెప్టెన్‌ను చూసుకోవాలి, తర్వాత రోజును, ఆఖరికి గదిని. గది కూడా ముందురోజు రద్దు చేసుకున్నా డబ్బు వెనక్కిచ్చేదై ఉండాలి.

నీళ్లు వేడెక్కే మే నెలాఖరు నుంచి ఈ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి చెసాపీక్ బే అనే అఖాతంలోకి వస్తాయి, సెప్టెంబర్‌కల్లా మళ్లీ దక్షిణానికి మళ్లుతాయి. ముదురు గోధుమ రంగు ఒళ్లు, చదునైన తల. టేకు చేపల గుంపు వెంట, తాబేళ్ల వెనక, పడవలకు దారి చూపుతూ నీటి మీద తేలే బోయాల చుట్టూ తిరుగుతుంటాయి. మొదటిది కనబడగానే నేను "బావా, సొర!" అని అరిచాను. మా బావది ఉప్పాడ దగ్గర పల్లె. "సొర కాదురా, తోక చూడు. మన వైపు వలల్లో కూడా పడుతుందిది" అన్నాడు. నిజమే, బంగాళాఖాతంలోనూ ఉంది. తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు 2010లో దీనిచేత హేచరీలోనే గుడ్లు పెట్టించారు.

పడవలు రెండు రకాలు. మొదటి రకానికి పైన అల్యూమినియం గోపురం ఉంటుంది. పొలంలో మంచె ఎక్కినట్టు కెప్టెన్ పైకెక్కి, అక్కడి నుంచే పడవ నడుపుతూ నీళ్లు వెతుకుతాడు. చేప కనబడగానే "పదకొండు గంటల దిక్కు, నలభై అడుగులు" అని కేక వేస్తాడు. మనం ప్రాణమున్న మలుగుపామునో బక్‌టెయిల్ జిగ్ అనే, వెంట్రుకలు కట్టిన బరువైన గాలాన్నో దాని తల ముందు పడేలా విసరాలి. మీద పడితే బెదిరిపోతుంది, వెనక పడితే చూడదు. గంటల తరబడి ఏమీ ఉండదు, ఆ తర్వాత పది సెకన్లలో పడవంతా హడావిడి. నాకైతే ఈ వేటలో అసలు మజా ఇదే. కానీ మబ్బు పట్టిన రోజున ఈ పడవకు పెట్టిన డబ్బు దండగే. పైనుంచి చూసినా బూడిదరంగు నీళ్లు తప్ప ఏమీ కనబడవు.

రెండో రకం పడవ హాంప్టన్ ఊరి ఎదుట బ్లూఫిష్ రాక్ లాంటి నీటి అడుగు మెట్టల దగ్గర లంగరు వేస్తుంది. మెన్‌హేడెన్ అనే నూనె చేపను నూరి నీళ్లలోకి వదులుతూ, ఆ వాసనకు కోబియా వచ్చేదాకా కూర్చుంటారు. మబ్బు రోజున ఇదే దారి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఇందులో పని సులువు, విసరడం రాకపోయినా ఫర్వాలేదు. ఇబ్బందల్లా కడుపుకే. ఆగిన పడవ ఊగుతుంటే, ఆ వాసనకి మా పిన్ని కొడుకు పొద్దున తిన్న ఇడ్లీ అంతా బేకి సమర్పించేశాడు. వాంతుల మాత్ర పడవ ఎక్కాక కాదు, గంట ముందే వేసుకోవాలి.

సగం రోజు పడవకు మాకు 800 డాలర్లకు కాస్త అటూఇటూ అయింది, సాయం చేసే కుర్రాడికి టిప్ వేరే. చార్టర్ పడవలో వెళ్తే మనకు విడిగా ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు. మేం వెళ్లినప్పుడు కనీసం 40 అంగుళాలుంటేనే ఉంచుకోవచ్చు, మనిషికి ఒకటి, పడవకు రెండు. ఈ లెక్కలు మారుతుంటాయి కాబట్టి వర్జీనియా మెరైన్ రిసోర్సెస్ కమిషన్ వెబ్‌సైట్ చూసుకునే వెళ్లండి. గాలానికి చిక్కిన కోబియాను పిడి ఉన్న కొక్కెంతో పొడిచి పడవలోకి లాగడం ఇక్కడ నిషేధం, పెద్ద వలతోనే ఎత్తాలి. బాగా అలిసిపోకముందే లోపలికి తెస్తే డెక్ మీద వీరంగం వేస్తుంది, వీపు మీద ముళ్లు కూడా ఉంటాయి. కుర్రాడు "కాళ్లు పైకి" అంటే వాదించకుండా ఎత్తేయండి. 2006లో మాబ్‌జాక్ బేలో పడిన 109 పౌండ్ల రాష్ట్ర రికార్డు చేప కథ మాకూ చెప్పారు.

బుక్ చేసేముందు ఒకటే అడగండి: "గాలి ఎక్కువుంటే ఏం చేస్తారు?" మేం మొదట మాట్లాడిన ఒకాయన అలలు ఎగిసిపడుతున్నా రావాల్సిందే, లేకపోతే అడ్వాన్స్ పోతుందన్నాడు. పేరెందుకులే. తర్వాత దొరికిన కెప్టెన్ ముందురోజు సాయంత్రం తనే ఫోన్ చేసి "రేపు వద్దు, ఎల్లుండి రండి" అన్నాడు. మళ్లీ వెళ్తే ఆయన దగ్గరికే.

ఇక బస. వర్జీనియా బీచ్ ఓషన్‌ఫ్రంట్ కుటుంబానికి బాగుంటుంది, కానీ వారాంతంలో రెండు రాత్రులు తప్పనిసరి అన్నవే ఎక్కువ తగిలాయి, పార్కింగ్ వేరే. పడవ ఆ ఊళ్లోనే ఉన్న లిన్‌హేవెన్ నుంచో రూడీ ఇన్‌లెట్ నుంచో అయితేనే అక్కడ దిగండి. హాంప్టన్ నుంచి అయితే మధ్యాహ్నం తిరుగుదారిలో హాంప్టన్ రోడ్స్ టన్నెల్ ట్రాఫిక్ ప్రాణం తీస్తుంది. మేం హాంప్టన్‌లోనే మామూలు మోటెల్‌లో దిగాం. దుప్పట్లు శుభ్రం, కాఫీ ఘోరం, పడవ పది నిమిషాలు. నా మార్కులు దానికే.

బేకి అవతలి ఒడ్డున కేప్ చార్ల్స్ ప్రశాంతమైన ఊరు. అక్కడికి 1964లో తెరిచిన, 28 కిలోమీటర్ల బే బ్రిడ్జ్-టన్నెల్ మీదుగా వెళ్లాలి. టోల్ ఒకవైపే ఇరవై డాలర్ల దరిదాపు. 24 గంటల్లో తిరిగొస్తే ఈ-జీపాస్‌కు (కారులో పెట్టుకునే టోల్ ట్యాగ్) తగ్గింపు ఉంది. పక్కనే కిప్టోపెక్ స్టేట్ పార్క్‌లో వంటగది ఉన్న లాడ్జీలున్నాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తే, చేప అక్కడే వండుకుని తినాలంటే ఇంతకు మించింది లేదు.

ఒడ్డుకొచ్చాక చేపను కోసేది ఆ కుర్రాడే. వాళ్ల అలవాటు రెండు పక్కలా కండ తీసి, తలా ముల్లూ పారేయడం. మా బావ "తల, తల!" అని దాదాపు పరిగెత్తాడు. ముందే చెబితే విడిగా సంచిలో వేసిస్తారు, తల చీల్చమంటే చీలుస్తారు కూడా. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, వంజరంలా వేపుడుకు బాగా నిలుస్తుంది. పులుసులో కండ కాస్త పొడిబారినట్టనిపించింది, తలకాయ పులుసే బాగా కుదిరింది. పెద్ద కూలర్ ఇంటి నుంచే తెచ్చుకోండి. ఆష్‌బర్న్‌కి నాలుగు గంటల దారి, ఆదివారం అయితే ఐదు, ఐస్ మధ్యలో ఒకసారి మార్చాలి.