ఇంటికి వచ్చే నర్సింగ్ సేవ: ఏ పని ఎవరికి అప్పగించారు?

పక్షవాతం వచ్చిన మా నాన్నగారికి ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వవలసి రావడంతో, హైదరాబాదులోని ఒక హోమ్ కేర్ సంస్థ సేవను మూడు నెలలు తీసుకున్నాము. రాత్రింబవళ్లు ఉండేది అటెండెంట్; మూడేళ్ల జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) కోర్సు చదివిన నర్సు వారానికి రెండుసార్లు వచ్చేవారు.

మొదటి రోజు నర్సు అనుసరించిన పద్ధతి నాకు నచ్చింది. గొట్టం వేయడం, అది జీర్ణాశయంలోనే ఉందని నిర్ధారించడం తన పని అని స్పష్టం చేసి, ఆహారం పోయడం మాత్రమే అటెండెంట్‌కు అప్పగించారు. అది కూడా తాను చేసి చూపించి, ఆమె చేత తన కళ్లెదుట చేయించి, తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు ఉండాలనీ, గొట్టం ఎంతవరకు లోపల ఉందో తెలిపే దాని మీది గుర్తు జరిగినా, దగ్గు వచ్చినా, ఆయాసం కనిపించినా వెంటనే ఆపి ఫోన్ చేయాలనీ కాగితం మీద రాసి ఇచ్చిన తరువాతనే. సందేహం వస్తే అడగడం తప్పు కాదని ఆమెకు మా ముందే చెప్పడం మరీ బాగుంది.

రెండో నెలలో ఆమె సెలవు పెట్టగా వచ్చిన కొత్త అటెండెంట్‌కు ఈ శిక్షణ ఏదీ ఇవ్వలేదు. పైగా, చక్కెర ఎంతుందో చూసి ఇన్సులిన్ మోతాదు ఆమెనే నిర్ణయించమని ఆఫీసు నుంచి ఫోన్‌లో చెప్పారు. ఒకరికి నేర్పిన పని మరొకరికి దానంతటదే రాదు. మోతాదు నిర్ణయించడమైతే అసలు అటెండెంట్‌కు అప్పగించదగిన పనే కాదు. నేను గట్టిగా అభ్యంతరం చెప్పాక సాయంత్రానికి నర్సును పంపారు, అదనపు రుసుము మాత్రం అడగలేదు.

ఐదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. అటెండెంట్ మారిన ప్రతిసారీ నర్సు స్వయంగా వచ్చి పని అప్పగించాలని ఒప్పందంలో ముందే రాయించుకోండి.