వసై కోటలో గైడ్‌తో ఒక ఉదయం

ముంబయికి ఉత్తరాన ఉన్న వసై కోటను ఇదివరకు ఒంటరిగా చూసి, పైకప్పుల్లేని చర్చిలూ చెట్ల వేళ్లు పట్టిన గోడలూ తప్ప ఏమీ అర్థంకాక తిరిగి వచ్చాను. అందుకే ఈసారి ఒక స్థానిక బృందం నిర్వహించే నడకలో రుసుము కట్టి చేరాను.

గైడ్ కథను మొదలుపెట్టిన తీరు నాకు బాగా నచ్చింది. మొఘల్ చక్రవర్తి హుమాయూన్ సేనల ముప్పు ముంచుకొస్తుండగా పోర్చుగీసుల సాయం కోసం గుజరాత్ సుల్తాను బహదూర్ షా 1534 డిసెంబరు 23న వసైని, ఇప్పటి ముంబయి దీవులతో సహా, వారికి వదులుకున్నాడని, ఆ దీవులే తర్వాత 1661 నాటి పెళ్లి ఒప్పందంలో ఇంగ్లండు రాజుకు కట్నంగా వెళ్లాయని ఆయన చెబుతుంటే, ఈ శిథిలాలకూ నేను రోజూ రైలెక్కే నగరానికీ ఉన్న బంధం మొదటిసారి తెలిసివచ్చింది.

1739 ముట్టడి ఘట్టం ఈ నడకకు ప్రాణం. మరాఠా పీష్వా బాజీరావు తమ్ముడు చిమాజీ అప్పా సైన్యం బురుజుల కింద సొరంగాలు తవ్వి, మందుపాతరలు పేల్చి గోడను బద్దలుకొట్టిన వైనాన్ని, మే నెలలో లొంగిపోయిన పోర్చుగీసులను గౌరవంగా వెళ్లనిచ్చిన సంగతిని, కోటగోడ పక్కనే నిలబెట్టి వివరించారు. ఇక్కడి చర్చి గంటలు మరాఠాల వెంట గుడులకు చేరాయని, నాసిక్‌లోని నారోశంకర్ ఆలయంలో మోగే గంట అటువంటిదేనని విన్నాక, ఆ ఖాళీ గంటగోపురం వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

అయితే యుద్ధానికి ముందున్న రెండు వందల ఏళ్ల జీవితాన్ని హడావిడిగా దాటేయడం పెద్ద లోపం. వసైలో పుట్టి, 1597లో నాగసాకిలో శిలువపై ప్రాణాలు విడిచి, 1862లో పునీతుడిగా ప్రకటితుడైన గొన్సాలో గార్సియా గురించి రెండే మాటలు చెప్పారు. ఫ్రాన్సిస్కన్ చర్చి నేలలో పరిచి ఉన్న సమాధి ఫలకాలలో ఒక్కదాన్నయినా చదివి వినిపించలేదు. ఆ ఊరి మనుషులు మనతో నేరుగా మాట్లాడేది వాటిలోనే కదా! పైగా గుంపు పెద్దది కావడంతో వెనకున్నవారికి మాట వినబడలేదు, దారిలో తాగునీరూ దొరకలేదు.

ఇన్ని ఉన్నా, కోటను మొదటిసారి చూడబోయేవారు ఈ నడకలో చేరాలనే నా సలహా. నీళ్ల సీసా వెంట ఉంచుకుని గైడ్ పక్కనే నడవండి. ఫలకాల దగ్గరకు రాగానే చదివి చెప్పమని మొహమాటపడకుండా అడగండి.