వేలాడదీసేదా, నిలబెట్టేదా? ఇంట్లోకి పంచింగ్ బ్యాగ్ ఏది మేలు?

"అన్నా, ఇంట్లో కొట్టుకోడానికి ఏది కొనమంటావ్?" అని నెలకి ఇద్దరు ముగ్గురైనా మెసేజ్ పెడుతున్నారు. మొదటిసారి అది మా ఆవిడ కంట పడి, "ఇళ్ళల్లో కొట్టుకోడానికి సలహాలు కూడా ఇస్తున్నావా?" అని అడిగింది. పంచింగ్ బ్యాగ్ సంగతి అని చెప్పి బయటపడ్డాను. మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ 2022లో, 2023లో వరసగా ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఆడపిల్లల్ని బాక్సింగ్‌కీ కరాటేకీ పంపే అమ్మానాన్నలు కూడా ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నా.

అందరూ అడిగే వరస ఒకటే. ఏ బ్రాండ్, తోలుదా రెగ్జిన్‌దా, మూడడుగులా నాలుగా. ఎక్కడ పెడతావ్ అని నేను ఎదురు అడిగితే మాత్రం "హాల్లోనో బాల్కనీలోనో, చూడాలి" అంటారు. అసలు మొదట చూడాల్సింది అదే. గట్టిగా ఒక గుద్దు గుద్దితే ఆ దెబ్బ ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. బ్యాగ్ లోపలి గుడ్డలోకి పోతుందా, ఊగడంలో కరిగిపోతుందా, శ్లాబులోకి పోతుందా, కింది ఇంటివాళ్ళ నెత్తిమీదికి పోతుందా, లేక తిరిగి మన మణికట్టుకే వస్తుందా? నేను రెండు రకాలూ కొన్నాను, రెండూ వాడాను, ఆ అనుభవంతో చెప్తున్నా. నాకు ఈ ఒక్క లెక్క తేలితే బ్రాండూ రంగూ ఏదైనా ఒకటే.

మొదట కొన్నది నిలబెట్టేది. కింద ప్లాస్టిక్ బేస్, దాంట్లో నీళ్ళో ఇసుకో నింపాలి, పైన గొట్టం, గొట్టం చుట్టూ ఫోమ్, దానిమీద రెగ్జిన్ తొడుగు. గోడకి చిల్లు పెట్టక్కర్లేదు, ఇంటి ఓనర్‌ని అడగక్కర్లేదు, చుట్టాలొస్తే మూలకి దొర్లించేయొచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఓపిక లేక నీళ్ళే నింపాను. కాళ్ళతో తన్నడం మొదలెట్టాక తెలిసింది, టీవీ ముందు పెట్టిన బ్యాగ్ పది నిమిషాల్లో సోఫా దగ్గరికి నడిచొచ్చేది. తన్నిన ప్రతిసారీ బేస్ ఒక అంచు మీద లేచి మళ్ళీ టైల్స్ మీద 'ధబ్' మని పడేది. నాకు పైన అంతగా వినపడలేదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటాను కదా. రెండో వారం కింది ఫ్లాట్ పెద్దాయన లిఫ్ట్ దగ్గర ఆపి, చాలా మర్యాదగా, "బాబూ, ఏమీ అనుకోకండి, పొద్దున్నే ఐదున్నరకి మీ ఇంట్లో పిండి దంచుతున్నారా?" అని అడిగారు. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత నీళ్ళు తీసి ఇసుక పోశాను. లీటరు నీళ్ళు కిలో అయితే లీటరు పొడి ఇసుక కిలోన్నర పైనే తూగుతుంది, అంచేత అదే బేస్ ఒకటిన్నర రెట్లు బరువెక్కుతుంది. నడవడం చాలావరకు తగ్గింది, కానీ చప్పుడు పూర్తిగా పోలేదు. కింద పిల్లల ఆట గదుల్లో పరిచే దళసరి ఫోమ్ మ్యాట్లు రెండు వరసలు వేస్తే కాస్త నయం. ఇంకో తంటా ఏంటంటే, ఒకసారి ఇసుక పోశాక 'మూలకి దొర్లించేయొచ్చు' అన్న సుఖం పోయింది, ఇద్దరు మనుషులు కావాలి. పైగా గుద్దితే లోపలి గొట్టం గట్టిగా తగులుతుంది, ఏడాది తిరిగేసరికి ఫోమ్ అణిగిపోయి ఇంకా ఎక్కువ తగులుతుంది. ఇంత చెప్పినా దీన్ని పనికిరాదని కొట్టిపారేయను. పన్నెండు పదమూడేళ్ళలోపు పిల్లలకి, తైక్వాండో తన్నులు ఎత్తుకి సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకునేవాళ్ళకి, కింద ఇల్లు లేని గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి ఇది చాలు. నా పాతది ఇప్పుడు మా మేనల్లుడి దగ్గరుంది, వాడు హాయిగా వాడుకుంటున్నాడు.

ఇక వేలాడదీసేది. నా మొగ్గు ఇటే, దాచడమెందుకు. వేలాడే బ్యాగ్ మనం కొడితే వెనక్కి పోతుంది, తిరిగొస్తుంది, వచ్చేలోపు మనం పక్కకి తప్పుకోవాలో ఎదురెళ్ళి ఇంకోటి తగిలించాలో తేల్చుకోవాలి. కాళ్ళ కదలిక తనంతట తనే అలవడుతుంది. నిలబెట్టే బ్యాగ్ ముందు నేను చెట్టుకి ఎదురుగా నిలబడ్డట్టు నిలబడి కొట్టేవాణ్ణి, ఆ తేడా వేలాడేదానికి మారాకే తెలిసింది. దెబ్బలో ఎక్కువ భాగం ఊగడంలోనూ లోపలి గుడ్డలోనూ పోతుంది, మిగిలింది గొలుసు పట్టుకుని శ్లాబుకి ఎక్కుతుంది. ఆ మిగిలినదాన్ని శ్లాబు తట్టుకుంటుందా, దేనికి తగిలిస్తున్నాం అన్నదే ఇక్కడ అసలు టెన్షన్.

ఫ్యాన్ హుక్కుకి తగిలించొచ్చా? వద్దు. ఫ్యాన్ నాలుగైదు కిలోలుంటుంది, నిటారుగా వేలాడుతుంది. బ్యాగ్ పాతిక ముప్ఫై కిలోలు, అదీ ఊగుతూ, ప్రతి దెబ్బకీ గుంజుతూ ఉంటుంది, గుంజినప్పుడు హుక్కు మీద పడే భారం దాని అసలు బరువు కంటే చాలా ఎక్కువ. మా ఫ్రెండ్ ఒకడు వినకుండా తగిలిస్తే మూడు వారాల్లో ఆ హుక్కు గాలంలా తెరుచుకుంది, అదృష్టం కొద్దీ వాడు ఆ సమయంలో మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడు. ఫాల్స్ సీలింగ్‌కి తగిలించాలనే ఆలోచన గురించి మాట్లాడను కూడా మాట్లాడను.

పాత ఇళ్ళున్నవాళ్ళు మాత్రం అదృష్టవంతులు. మన ఊళ్ళల్లో ఉయ్యాలబల్ల కోసం శ్లాబు పోసేటప్పుడే చువ్వల మీదుగా వంచి పెట్టిన కొక్కేలు ఉంటాయి కదా, నలుగురు ఎక్కి ఊగినా కదలనివి. తెనాలిలో మా ఇంట్లో ఆ కొక్కేనికే నా మొదటి గుడ్డ బ్యాగ్ తగిలించాను. "నిక్షేపంలాంటి ఉయ్యాల తీసి ఈ గోనె వేలాడదీస్తావురా" అని అమ్మ గొడవ చేసింది గానీ కొక్కెం మాత్రం కిక్కురుమనలేదు. తుప్పు పట్టి అరిగిపోలేదని ఒకసారి చూసుకుని వాడుకోండి. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు శ్లాబు వేసే ముందే మేస్త్రీకి చెప్పి పన్నెండు మిల్లీమీటర్ల చువ్వతో ఒక కొక్కెం పెట్టించుకోండి. మిగిలిపోయిన చువ్వ ముక్కతో అయిపోయే పని, తర్వాత డ్రిల్లింగ్ గోలే ఉండదు.

అపార్ట్‌మెంట్‌లో అయితే యాంకర్ ఫాస్టెనర్లే గతి, అంటే శ్లాబుకి చిల్లు పెట్టి లోపల బిగుసుకునేలా బిగించే బోల్టులు. ఒక్క బోల్టు కాకుండా నాలుగు బోల్టుల ప్లేటు తీసుకోండి, భారం నాలుగు చోట్ల పంచుకుంటుంది. శ్లాబు మందం మామూలుగా నాలుగున్నర, ఐదు అంగుళాలే, అందుకని మూడంగుళాలు దాటి లోపలికి పోనివ్వొద్దు. డ్రిల్లు చువ్వకి తగిలితే మొండిగా కోయకుండా రెండంగుళాలు జరపండి. దూలం అడుగు జోలికి వెళ్ళొద్దు, అసలు బరువు మోసే చువ్వలు అక్కడే ఉంటాయి. ఫ్యాన్ నుంచి స్విచ్‌బోర్డు గోడ వైపు వెళ్ళే గీత కూడా వదిలేయండి, కరెంటు పైపులు సాధారణంగా ఆ దారినే పోతాయి. ఇవన్నీ చేతకాకపోతే ఉయ్యాలలు బిగించేవాళ్ళనే పిలవండి. పనిలో పనిగా వాళ్ళ దగ్గర దొరికే ఉయ్యాల స్ప్రింగ్ ఒకటి కొక్కేనికీ గొలుసుకీ మధ్య వేయించుకోండి, శ్లాబుకెక్కే గుంజు కొంత అక్కడే చస్తుంది. గొలుసు గలగలకి మందు, పాత సైకిల్ ట్యూబు కోసి గొలుసు మీద తొడగడం. బ్యాగ్ ఊగడానికి చుట్టూ మూడడుగులైనా ఖాళీ చూసుకోండి, లేకపోతే మొదటి బలి టీవీ.

గోడకి బిగించే బ్రాకెట్ గురించి రెండు ముక్కలు. ఇటుక గోడో కాంక్రీటు గోడో అయితే సరే, కొత్త అపార్ట్‌మెంట్లలో వాడుతున్న తేలిక దిమ్మల గోడ అయితే వద్దు, బోల్టు పిండిలోంచి ఊడొచ్చినట్టు వస్తుంది. ఇనప స్టాండులు ఉంటాయి, చోటు బాగా తింటాయి, కాళ్ళ మీద ఇసుక మూటలు వేయకపోతే స్టాండే డాన్సు చేస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం, లోపల ఏం నింపాలి. మన దగ్గర ఆన్‌లైన్‌లో వచ్చేవాటిలో చాలావరకు ఖాళీ తొడుగులే. ఫొటోలో నిండుగా ఉంటుంది, ఇంటికి మడతపెట్టిన దుప్పటిలా వస్తుంది, అట్టపెట్టె చూసి మోసపోయామని గోలపెడతారు. వివరాల్లో 'అన్‌ఫిల్డ్' అని రాసే ఉంటుంది, చూసుకోవాలి. నిజానికి ఖాళీది రావడమే మేలు. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు బ్యాగ్‌లో గుడ్డ ముక్కలు బాగా కూరితే పాతిక నుంచి ముప్ఫై కిలోలు పడతాయి. మన బరువులో సగం ఉంటే చాలని జిమ్ముల్లో చెప్పే లెక్క, డెబ్బై రెండు కిలోల నాకు అది దాదాపు సరిపోయింది.

గుడ్డ ముక్కల కోసం మా వీధి చివర టైలర్‌ని అడిగితే మూడు గోనె సంచులు ఇచ్చాడు, టీ డబ్బులే తీసుకున్నాడు. ఇంటికి తెచ్చి హాల్లో కుమ్మరించి ఒక ఆదివారమంతా ఏరాను. గుండీలు, జిప్పులు, జాకెట్ హుక్కులు, బొందు కొసల ఇత్తడి ముక్కలు గుప్పెళ్ళకొద్దీ వచ్చాయి, అన్నిటికంటే భయపెట్టింది లైనింగ్ గుడ్డలో గుచ్చుకుని ఉన్న విరిగిన సూది. ఏరకుండా కూరి ఉంటే ఏదో ఒక రోజు అది బయటికి వచ్చేది. ఏరాక పాత దుప్పటి, చీర ముక్కల్లాంటి పెద్దవి అంచుల వెంబడి నిలువుగా పరిచి, చిన్న ముక్కలు మధ్యలో వేస్తూ, జానెడు నిండిన ప్రతిసారీ రోకలితో కూరాలి. ఊరికే చేత్తో నొక్కితే చాలదు. పైదాకా నిండాక బొటనవేలితో నొక్కి చూడండి, ఎక్కడా గుంట పడకూడదు, అలాగని రాయిలానూ ఉండకూడదు. నెల తిరిగేసరికి జానెడు కిందికి దిగుతుంది, మళ్ళీ నింపాలి.

ఇసుక నింపొద్దు. ఇసుక కిందికి జారి గట్టిపడుతుంది, పైన దూది, కింద బండరాయి. కింద తగిలిన గుద్దు నేరుగా మణికట్టుకి తిరిగొస్తుంది. బరువు చాలట్లేదంటే ఒకటి రెండు కిలోల ఇసుక పొట్లాలు గట్టిగా కట్టి, గుడ్డ మధ్యలో, అంచుకి దూరంగా వేసుకోవచ్చు, అంతే. ఊక, రంపపు పొట్టు చవకే గానీ తేమ పీల్చి ముక్కవాసన వేస్తాయి, కోస్తా ఊళ్ళల్లో మరీను.

పొడవు విషయంలో మూడడుగులది కొనొద్దు, పిల్లలకి తప్ప. చేతి దెబ్బలకి మాత్రమే అయితే నాలుగడుగులు, కరాటే, కిక్ బాక్సింగ్ అంటే ఐదు. థాయ్‌లాండ్ వాళ్ళ కిక్ బాక్సింగ్ ముయే థాయ్‌లో తొడ మీదా పిక్క మీదా తన్నే తన్నులు సాధన చేయాలంటే దాదాపు నేల తాకే ఆరడుగులది కావాలి, కానీ తొమ్మిదిన్నర, పదడుగుల ఎత్తు సీలింగులో గొలుసు, స్ప్రింగు పోను దానికి ఎంత మిగులుతుందో టేపు పెట్టి కొలుచుకున్నాకే కొనండి.

పైతొడుగు తోలుదైతే చూడ్డానికి బాగుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది, వానాకాలంలో బూజు పడుతుంది. మామూలు రెగ్జిన్ ఎండకి పగులుతుంది. గరుకు సింథటిక్ గుడ్డది, ఎస్‌ఆర్‌ఎఫ్ అని అమ్మేది, నేను వాడుతున్నా, కుట్లు డబుల్ వేసి ఉన్నది, పైన గొలుసు తగిలించే పట్టీలు బ్యాగ్ అడుగు భాగం దాకా వచ్చి ఉన్నది చూసుకోండి. ముందు తెగేది ఆ పట్టీ దగ్గరే. డాబా మీద పెట్టేవాళ్ళు ఏ రకమైనా సరే వాడాక దించి లోపల పెట్టుకోవాలి, మే నెల ఎండ ముందు అన్నీ ఒకటే. విశాఖ లాంటి చోట గొలుసుకి తుప్పు కూడా చూసుకుంటూ ఉండాలి.

రిఫ్లెక్స్ బాల్, స్పీడ్ బాల్ సరదాగా ఉంటాయి, చేతి వేగానికి మంచివే, బ్యాగ్‌కి బదులు కావు. కరాటేవాళ్ళు నేలలో పాతి గుద్దులు సాధన చేసే మకివారా పలక పెరడున్న ఇంటివాళ్ళకే.

అద్దె ఇల్లు, ఓనర్ డ్రిల్లు వద్దన్నాడు, రెండో అంతస్తు అంటారా? అప్పుడు నిలబెట్టేదే, ఇసుకతో, కింద మ్యాట్లతో, పొద్దున్న ఏడు తర్వాత. వేలాడదీసే వీలుంటే మాత్రం అదే కొనండి, ఖాళీ తొడుగూ గొలుసూ కలిపి నాకు రెండు వేల లోపే అయింది, నిలబెట్టేదానికి అంతకు ఎన్నో రెట్లు పెట్టాను, ఆ తేడా డబ్బులు గ్లవ్స్ మీద పెట్టండి. బ్యాగ్ కొట్టేటప్పుడు చేతికి నూట ఎనభై అంగుళాల హ్యాండ్ ర్యాప్ (చుట్టుకునే గుడ్డ పట్టీ), దానిమీద పన్నెండో పద్నాలుగో ఔన్సుల గ్లవ్స్. ఒట్టి చేతులతో మొదలెట్టి వారానికే మెటికలు తోలు లేపుకున్నవాళ్ళు నాకు మెసేజ్‌లో ఫొటోలు పంపుతున్నారు, దయచేసి పంపొద్దు, టిఫిన్ చేసే టైములో చూస్తున్నాను.