ఐజీడీసీకి ఐదుసార్లు వెళ్లొచ్చాక

విజయవాడలో మేం ఇద్దరమే. నేను కోడ్ రాస్తాను, మావాడు బొమ్మలు గీస్తాడు. ఇంట్లోవాళ్ల లెక్కలో ఇద్దరం ఖాళీగానే ఉన్నాం. అలాంటి వాళ్లకి ఐజీడీసీ అనే ఈ గేమ్ డెవలపర్ల కాన్ఫరెన్సు ఎందుకు, అంత డబ్బు దండగ కదా అని కొత్త కుర్రాళ్లు అడుగుతుంటారు. నేను మొదటిసారి వెళ్లింది 2018లో. అప్పుడు ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ నడిపేది, పేరు ఎన్‌జీడీసీ. ఐజీడీసీ అయ్యాక 2022, 23, 24ల్లో హైదరాబాద్‌లోని హెచ్ఐసీసీ సమావేశ కేంద్రానికి, 2025 నవంబరులో చెన్నై ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం.

మొదటి ట్రిప్పు మాత్రం శుద్ధ దండగే. చేతిలో ఆట లేదు, బుర్రలో ఐడియా ఉంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ప్రసంగాలు విని నోట్‌బుక్ నింపాను. విజిటింగ్ కార్డులు పోగేసి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టాను. ఆ రబ్బరు బ్యాండు ఎండి తెగిపోయింది గానీ ఒక్కరికీ మెయిల్ పెట్టలేదు. ఏమని పెట్టను? చూపించడానికి ఏమీ లేదు. ప్రసంగాలే కావాలంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే గేమ్ డెవలపర్ల కాన్ఫరెన్సు జీడీసీవి వందల కొద్దీ యూట్యూబులో ఉచితంగా ఉన్నాయి, ఇంట్లో లుంగీ కట్టుకుని వినొచ్చు. ఆ జీడీసీ కూడా 1988లో క్రిస్ క్రాఫర్డ్ అనే డిజైనర్ ఇంట్లో పాతిక మంది చిల్లర కూర్చుని మాట్లాడుకోవడంతో మొదలైందే. స్టేజీలూ మైకులూ తర్వాతొచ్చాయి.

2022కి ఆట తయారైంది. మన పులిజూదమే, మూడు పులులు, పదిహేను మేకలు. దానికో అడవి, ఓ కథ జోడించి, కంప్యూటర్ ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ కోసం చేస్తున్నాం. ఆ ఏడు ఆటని పెట్టి చూపించే బల్ల తీసుకోలేదు, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని కాఫీల దగ్గర కనపడ్డవాళ్లకల్లా చూపించాం. 2023లో ఇండీల, అంటే మాలాంటి సొంతంగా చేసుకునే చిన్నవాళ్ల వరుసలో ఓ బల్ల దొరికింది. అక్కడ మూడు రోజులు నిలబడి నేర్చుకున్నది ఇంట్లో మూడేళ్లు కూర్చున్నా తెలిసేది కాదు.

పులిజూదంలో పదిహేను మేకలూ బోర్డు మీదికి దిగేదాకా ఒక్క మేకనీ జరపకూడదు. మాకది అమ్మమ్మ నేర్పిన ఆట కాబట్టి ఎవరికైనా తెలిసే ఉంటుందనుకున్నాం. మొదట కూర్చున్న అమ్మాయి ఒక మేకను పెట్టి, వెంటనే దాన్నే మౌసుతో లాగింది. కదల్లేదు. మళ్లీ లాగింది. "హ్యాంగ్ అయిందాండీ?" అంది. నేను నోరు తెరవబోతే మావాడు కాలు తొక్కాడు, చెప్పొద్దని. ఆ పూట పదకొండు మంది అదే మేకను అలాగే లాగారు. నలుగురు లేచి వెళ్లిపోయారు. రాత్రి కొండాపూర్‌లో లాడ్జి గదిలో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మార్చాం. ఇప్పుడు మేకను లాగితే అది తల అడ్డంగా ఊపి, ఇంకా దిగని మేకల మందవైపు చూస్తుంది. మర్నాడు ఎవరూ హ్యాంగ్ అయిందనలేదు. పాస్ డబ్బులు అక్కడే వచ్చేశాయని నా లెక్క.

ఆటకి డబ్బు పెట్టి బయటికి తెచ్చే పబ్లిషర్ల సంగతి వేరు. ముందే స్లాటు పెట్టుకుంటే ఇరవై నిమిషాలు ఇస్తారు. ట్రైలర్ చూపించు, ఆడి చూసే బిల్డ్ ఇవ్వు, ఎంత కావాలి, ఎప్పటికి అవుతుంది, ఇవే ప్రశ్నలు. ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు లేకపోతే వెళ్లకపోవడమే మర్యాద. 2024లో ఒకాయన చాలా బాగుందన్నాడు, కాంట్రాక్టు పంపిస్తామన్నాడు. మేం ఐదు నెలలు వేరే ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాం. ఆ తర్వాత మెయిల్‌కి జవాబే లేదు. ఆయన్ననుకుని లాభం లేదు, సంతకం లేని మాటని నమ్మింది మేమే.

అదే 2024లో టీ దగ్గర కలిసిన ఓ డెవలపరు మాత్రం పది నిమిషాల్లో నిజమైన డబ్బు మిగిల్చాడు. స్టీమ్‌లో డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపేటప్పుడు పాన్ నంబరిచ్చి భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద క్లెయిమ్ చేస్తే, అమెరికా అమ్మకాల మీద పన్ను కోత 30 శాతం బదులు 15 శాతమే ఉంటుంది. మేం ఆ గడి ఖాళీగా వదిలేసి ఉన్నాం. ఇలాంటివి స్టేజీ మీద ఎవరూ చెప్పరు, సమోసా ప్లేటు చేత్తో పట్టుకుని చెప్తారు.

విష్‌లిస్టుల కోసం, అంటే స్టీమ్‌లో జనం మన ఆటని తర్వాత కొందామని గుర్తుపెట్టుకోవడం కోసం వెళ్లేవాళ్లకి ఓ మాట. మూడు రోజులు గొంతు పోయేలా మాట్లాడితే మాకు పెరిగినవి అరవై నాలుగు. స్టీమ్ వాళ్ల డెమోల పండగ ఉంది కదా, 2025 ఫిబ్రవరి నెక్స్ట్ ఫెస్ట్‌లో ఇంట్లో కూర్చునే పందొమ్మిది వందలు వచ్చాయి. అయితే నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక ఆటకి ఒక్కసారే అవకాశం. ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. నవంబరు జనం ముందు డెమో తప్పులు పట్టుకుని, సరిచేసి ఫిబ్రవరిలో పెట్టడం మాకు కలిసొచ్చింది. అక్టోబరులోనే పెట్టేసి నవంబరులో బల్ల వేసుకునేవాళ్లని చూస్తే పెళ్లయ్యాక జాతకాలు చూపించుకుంటున్నట్టే ఉంటుంది.

ఖర్చంటారా, పాస్ ముందుగా కొంటే తగ్గుతుంది. అది కాక ఇద్దరికీ రైలు, గది, తిండి కలిపి హైదరాబాద్‌కి పది వేలు దాటలేదు. చెన్నైకి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లినా గది దగ్గర దెబ్బ తిన్నాం. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం మా స్థాయి వాళ్లు సొంత డబ్బుతో వెళ్లేది కాదు. ఆ వీసా, టికెట్ల డబ్బుతో మావాడి ఏడాది జీతం గడిచిపోతుంది.

చెన్నైలో టాబ్లెట్ మీద ఫోన్ వెర్షన్ పెట్టాం. హైదరాబాద్‌లో అంత కష్టపడి చెప్పుకున్న ఆట అక్కడ అసలు చెప్పాల్సిన పనే లేకపోయింది. చూడగానే పులిజూదానికి తమిళ పేరుతో "ఆడు పులి ఆట్టం!" అని కూర్చునేవాళ్లు. మూడో రోజు సాయంత్రం సామాను సర్దుతుంటే, హాలు ఊడుస్తున్న పెద్దాయన చీపురు గోడకి ఆనించి వచ్చాడు. మేకల వైపు తీసుకున్నాడు. రెండు మేకల్ని కావాలనే పులి నోటి ముందు పెట్టాడు. దొరికిన మేకను పులి వదలకూడదని మేమే రాశాం కదా, అది ఎగిరి ఒకదాన్ని తింది, ఆ వెంటనే రెండోదాన్ని తింది, మూలకి చేరింది. ఆయన తాపీగా అది కదలకుండా చుట్టూ మేకలు పేర్చాడు. మిగతా రెండు పులులకీ అదే ఎర, అదే మూల. నవ్వి, చీపురు తీసుకుని వెళ్లిపోయాడు.

డిసెంబరంతా దాని మీదే కూర్చున్నాం. ఆ ఎత్తుకి మా పులి దగ్గర ఇంకా జవాబు లేదు.